నల్లమల యురేనియం చర్చలో ‘నిక్షేపం’: ఒక పరిశీలన

ఖనిజాలను గురించిన తెలుగు రచనలలో ‘నిక్షేపం’ స్థిరపడిన పారిభాషిక పదం. తవ్వి తీయదగిన ఖనిజరాశి అని దాని నేటి అర్థం. నల్లగొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతాల యురేనియం విషయంలో తవ్వకాన్ని సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ ఈ పదాన్నే వాడారు. ఇరుపక్షాలకూ ఉమ్మడియైన ఈ పదంలో ఏ భావం నిలిచింది, ఏది జారిపోయింది అన్నది విచార్యం.

ధర్మశాస్త్రాలలో నిక్షేపమంటే నమ్మకంతో ఒకరి వద్ద దాచి, తిరిగి పొందవలసిన ధనం. మనుస్మృతి దీనిని పదునెనిమిది వ్యవహారపదాలలో రెండవదిగా పేర్కొన్నది. పుచ్చుకొన్నవాడు కాపరియే గాని యజమాని కాడు. దానశాసనాలకు వచ్చేసరికి పదం స్థానం మారింది. నిధి, నిక్షేప, జల, పాషాణాదులైన అష్టభోగాలలో ఒకటై, భూమితోపాటు గ్రహీతకు సంక్రమించే హక్కు అయింది. నేటి ఖనిజ పరిభాష ఈ రెండవ అర్థానికే వారసురాలు. మొదటి అర్థపు ఛాయ ‘నిక్షేపంగా ఉన్నాడు’ అనే వాడుకలో, అంటే చెక్కుచెదరక క్షేమంగా ఉన్నాడనే భావంలో, మిగిలి ఉన్నది.

తెలంగాణ వనరుల చర్చ ప్రధానంగా వాటాల చర్చ. మన బొగ్గు, మన నీళ్లు ఎవరికి దక్కుతున్నాయన్నది అందులోని ప్రశ్న. 2003లో పెద్దగట్టు ప్రాజెక్టుపై బహిరంగ విచారణ జరిగినప్పుడు, 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు వెలువడిన నిరసన ఈ చట్రంలో ఇమడదు. చెంచులు గాని, నాగార్జునసాగర్ నీటిపై ఆధారపడినవారు గాని యురేనియంలో వాటా అడగలేదు. దానిని ఉన్నచోటనే ఉండనిమ్మన్నారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం సారాంశమూ ఇదే. కనుక ఈ నిరసనను కేవలం ‘వనరుల దోపిడీ’ అన్న శీర్షిక కింద చేర్చే విమర్శ దాని ప్రత్యేకతను చెరిపివేస్తున్నది. దోపిడీ అన్నప్పుడు వస్తువు విలువను అంగీకరించి, యజమాని ఎవరన్న తగవు మాత్రమే మిగులుతుంది.

పారిభాషిక పదం పూర్వార్థాన్ని మోయనక్కరలేదని ఆక్షేపించవచ్చు. భూగర్భశాస్త్రం మేరకు అది సమంజసమే. అయితే సాహిత్య విమర్శకు ఆ మినహాయింపు లేదు. ఈ ప్రాంతపు ఖనిజంలో యురేనియం శాతం స్వల్పం. తవ్విన రాతిలో అత్యధిక భాగం రేడియోధార్మిక వ్యర్థంగా నేలమీదనే మిగులుతుంది. దాని కాపలా తరతరాల బాధ్యత. తీసిన లోహం ఒక తరానిది, మిగిల్చిన వ్యర్థం రాబోయే తరాలది అయినప్పుడు, అప్పగింత అనే పాత అర్థమే వాస్తవానికి దగ్గరగా ఉన్నది.

నల్లమలను గురించిన కవితను, కథను, పాటను అంచనా వేసేటప్పుడు అవి సంపద పోతున్నదని వగస్తున్నాయా, అప్పగింతను కాపాడుతున్నాయా అని విడదీసి చూడవలసి ఉన్నది. ఈ వివేచన లేనిదే ఆ సాహిత్యపు తాత్త్వికత మనకు అందదు.