రెస్ట్ ఇచ్చేవాడు

ఖరగ్‌పూర్ ఖరిదాలోని తెలుగు క్రైస్తవుల్లో రెండు తెగలున్నాయి. బాప్టిస్టులూ పెంతెకొస్తులూ అనుకునేరు, అది కాదు. రైల్వే వర్క్‌షాపు వాళ్ళు, లైను వాళ్ళు. వర్క్‌షాపు వాళ్ళకు ఆదివారం సైరన్ మోగదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బైబిలు సంచీ భుజాన వేసుకుని, సండే స్కూలు పిల్లలతో పాటే చర్చికి చేరి ముందు వరసలో కూర్చుంటారు. లైను వాళ్ళంటే గేట్‌మన్, పాయింట్స్‌మన్, స్టేషన్ మాస్టర్, లోకో పైలట్, గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట). వీళ్ళు వాక్యం సగమయ్యాక నైట్ డ్యూటీ కళ్ళతో వచ్చి వెనక గోడకు ఆనుకుంటారు. కొందరు ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్ళిపోతారు. మా చిన్నప్పుడు వాళ్ళను చూసి భక్తి తక్కువ అనుకునే పెద్దలుండేవారు. మా నాన్న గేట్‌మన్ కాబట్టి ఆ మాట మా ఇంట్లో మాత్రం ఎవరూ అనలేదు.

నాన్నది పన్నెండు గంటల డ్యూటీ. గేటుకు ఇద్దరు, పగలొకరు, రాత్రొకరు. మరి వారానికో రోజు సెలవంటే ఎలా? గేటుకు తాళం వేసి ఇంటికి పోవడానికి లేదు కదా. అందుకని రైల్వేలో ఒక పోస్టు ఉంది: రెస్ట్ గివర్. అందరూ ఆర్జీ అంటారు. ఆయన పనల్లా ఇంకొకరికి రెస్ట్ ఇవ్వడమే. ఇవాళ ఈ గేటు, రేపు ఆ గేటు, ఎల్లుండి మరో గేటు. మూడు గేట్ల ఆరుగురికి ఆరు రోజుల్లో రెస్ట్ ఇచ్చి ఏడో రోజు తను తీసుకుంటాడు. కాగితం మీద లెక్క ముచ్చటగా కుదిరింది. కానీ ఏడుగురికి ఏడు రోజులు పంచితే ఆదివారం దక్కేది ఒక్కడికే.

నాన్నకు ఏళ్ళ తరబడి మంగళవారమే పడింది. రోస్టర్ మారిందని తెలిస్తే అమ్మ గుమ్మంలోనే అడిగేది:

"ఈ మాటైనా ఆదివారం పడిందేటి?"

"పడిందిలే, ఆర్జీకి."

ఆ మంగళవారాన్ని అమ్మ కాపలా కాసేది. రేషన్ క్యూ, కిరోసిన్ డబ్బా, మా స్కూలు ఫీజు, ఏ పనీ ఆ రోజు నాన్నకు చెప్పకూడదు. సాయంత్రం వీధిలో మరో రెండు లైను కుటుంబాలు వచ్చేవి. చాప వేసి, పాట పాడి, వాక్యం చదివి, టీ తాగి వెళ్ళేవారు. పాస్టరుగారు వీలున్నప్పుడు వచ్చేవారు, వీలు లేనప్పుడు నాన్నే ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థనలో ఆర్జీ పేరు తప్పకుండా ఉండేది. ఆయన క్రైస్తవుడు కూడా కాదు.

ఈ వారపు రెస్టు ఏర్పాటు రైల్వే వాళ్ళు దయతలచి చేసింది కాదు. వారంలో ఒక రోజు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒప్పందం చేసింది. దాన్ని, అంతకుముందు పని గంటల మీద వచ్చిన ఒప్పందాన్ని అమలు చేయడానికి 1930లో మన రైల్వే చట్టాన్ని సవరించారు. మన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టిన వి.వి. గిరి 1927లో జెనీవాలో ఆ సంస్థ మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. ఆదివారం సెలవంటే దొరలిచ్చిందని అనుకుంటాం గానీ, బొంబాయి మిల్లు కార్మికులకు 1890లో దాన్ని సాధించి పెట్టింది ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆదివారం ఖండోబా దేవుడి వారం కూడానన్నది ఆయన వాదన.

ఇప్పుడున్న 1989 రైల్వే చట్టం 133వ సెక్షన్ చదివితే నాకు ముచ్చటేస్తుంది. నిరంతర డ్యూటీ వాళ్ళకు వారానికి వరసగా 30 గంటల రెస్ట్. నాన్నలాగా మధ్యమధ్య ఖాళీ దొరికే డ్యూటీ వాళ్ళకు 24 గంటలు, అందులో ఒక పూర్తి రాత్రి ఉండాలి. బండి నడిపే వాళ్ళకు నెలలో 30 గంటల చొప్పున నాలుగుసార్లు, లేదా పూర్తి రాత్రి కలిపి 22 గంటల చొప్పున అయిదుసార్లు. 'పూర్తి రాత్రి' అన్న మాట రాసిందెవరో గానీ, నైట్ డ్యూటీ బాధ ఎరిగిన మనిషే అయివుంటాడు. లోకో పైలట్లు ఇప్పటికీ పోట్లాడుతున్నారు. డ్యూటీ దిగాక ఇచ్చే 16 గంటల రెస్ట్ వేరు, వారపు 30 వేరు, రెండూ కలిపి 46 గంటలు ఇవ్వమంటున్నారు. నా దృష్టిలో న్యాయమైన కోరిక.

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల ఉంది. నిర్గమకాండం 20లో చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆగాడు. ద్వితీయోపదేశకాండం 5కి వచ్చేసరికి కారణం మారింది: మీరూ ఐగుప్తులో దాసులుగా పడివున్నవాళ్ళే. రెండు చోట్లా దాసుడు, దాసి, పశువు, ఊళ్ళో ఉన్న పరదేశి జాబితాలో ఉన్నారు. రెండోచోట మాత్రం యజమానితో సమానంగా దాసుడికీ విశ్రాంతి దొరకాలని విడిగా చెప్పారు. గేట్‌మన్ కొడుకును కాబట్టి నాకు ఆ రెండోదే దగ్గర. మోషే అక్కడ ఇంటి పెద్దను ఆర్జీ డ్యూటీకి వేశాడు.

విశ్రాంతి దినంగా మంగళవారం చెల్లుతుందా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. చెల్లుతుంది. రోజుల పట్టింపు గురించి పౌలు రోమా పత్రిక 14లో రాసింది చదువుకోండి. అయితే ఒంటరి రెస్టు సగం రెస్టే. సోవియట్ రష్యాలో 1929లో యంత్రాలు ఆగకూడదని ఆదివారం ఎత్తేసి, కార్మికుల్ని అయిదు జట్లుగా విడదీసి తలో రోజు సెలవిచ్చారు. మొగుడికి ఒక రోజు, పెళ్ళానికి ఇంకో రోజు, స్నేహితుడికి మరో రోజు. రెండేళ్ళకే ఆ పద్ధతి మార్చుకున్నారు, చివరికి 1940లో ఏడు రోజుల వారం, ఆదివారం సెలవు తిరిగొచ్చాయి. చాప వేసి పొరుగువాళ్ళను పిలిచిన మా అమ్మకు ఈ సంగతి రష్యా దాకా వెళ్ళకుండానే తెలుసు.

ఇంతకీ అమ్మకు రెస్ట్ ఎప్పుడు? ఆ ప్రశ్న మా ఆవిడ వేసింది. "మావయ్యగారికి ఆర్జీ ఉండేవాడు. నాకెవరండీ?" ఖరిదాలో ఏ తెలుగు క్రైస్తవ ఇంటికైనా ఆదివారం తెల్లారి వెళ్ళి చూడండి. మొగవాడు మటన్ కొట్టు దగ్గర లైన్లో ఉంటాడు. తెచ్చి గట్టు మీద పెట్టడంతో ఆయన పని సరి. ఆవిడ అల్లం వెల్లుల్లి నూరి, ఉల్లిపాయ వేయించి, కుక్కర్ పెట్టి, విజిల్స్ లెక్కపెడుతూ పిల్లలకు జడలు వేసి, తడి జుట్టుతోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని పరిగెడుతుంది. ప్రసంగం విశ్రాంతి గురించే అయినా, గ్యాస్ కట్టానా లేదా అన్నదే ఆవిడ ధ్యానం. చర్చి వదిలాక చుట్టాలు. అంట్లు తోమేసరికి స్త్రీల సమాజం టైమవుతుంది.

మా ఆవిడ ప్రశ్నకు జవాబు బైబిలులోనే దొరికింది. అరణ్యంలో మన్నా విషయంలో ఏడో రోజుకు కూడా ఆరో రోజే రెండింతలు కూర్చుకోమన్నారు. మా ఇంట్లో ఇప్పుడు శనివారం సాయంత్రమే చేపల పులుసు. రుయి ముక్కలు, చింతపండు కాస్త ముందుకి, దించే ముందు మెంతిపిండి. పులుసు ఎలాగూ మర్నాటికే రుచి. ఆదివారం వండేది అన్నం ఒక్కటే, ఆ డ్యూటీ నాది, అంట్లు కూడా నావే. చుట్టాలు మొదట్లో మటన్ ఏదని వెతుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఇక చర్చి సంగతి. సండే స్కూలు, ఆరాధన, స్త్రీల సమాజం, యవ్వనస్థుల కూడిక, సాయంత్రం మళ్ళీ కూటం. విశ్రాంతి దినాన్ని డ్యూటీ చార్టులా నింపింది మనమే. పాస్టరుగారికైతే వారం మొత్తంలో ఆదివారమే భారీ డ్యూటీ, సోమవారం పొద్దున్నే గృహప్రవేశం ప్రార్థనకు రమ్మని ఫోను.

కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఆదివారం సాయంత్రం కూటం తీసేయండి. సోమవారం పాస్టరుగారికి ఎవరూ ఫోను చేయొద్దని బోర్డు మీద రాయండి. లైను వాళ్ళకోసం మంగళవారం ఒకటి, గురువారం ఒకటి, సాయంత్రం ఆరాధనలు పెట్టండి. ఎంత చిన్నవైనా ఫరవాలేదు. కుర్చీలు వేసి, తీసి, తాళం వేసే పని నేను చూసుకుంటాను.