మూడు ఘాట్లు, ఒక సైకిల్

విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు. కారులో పోయేవాళ్ళకి ఆ అంకె చాలు. సైకిలు తొక్కేవాళ్ళకి మాత్రం అది సగం అబద్ధం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటల దాకా రోడ్డు ఇంచుమించు చదునే. లారీల పొగ మింగడం తప్ప పెద్ద కష్టం లేదు. బొడ్డవర దాటి అనంతగిరి ఘాట్ మొదలయ్యాక లెక్క మారుతుంది. అక్కణ్ణుంచి ఇంకెంత దూరమని అడగడం దండగ, ఇంకెంత ఎత్తు అని అడగాలి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పైగా రోడ్డు తిన్నగా అక్కడికి పోదు. గాలికొండ దగ్గర అంతకన్నా పైకెక్కి, ఆ తర్వాతే లోయలోకి దిగుతుంది.

ఎత్తు లెక్క కట్టడం కష్టమేం కాదు. మనిషి, సైకిలు, రెండు నీళ్ళ సీసాలు కలిపి 80 కిలోలనుకుందాం. ఆ బరువును 900 మీటర్లు పైకి చేర్చాలంటే ఏడు లక్షల జౌళ్ళ పని. తిన్న తిండిలో పావు వంతే కాళ్ళలో పనిగా మారుతుంది, తక్కినదంతా వేడిగా పోతుంది. కాబట్టి ఒక్క కొండ ఎక్కడానికే దాదాపు 700 కిలోకేలరీలు, అంటే డజను ఇడ్లీల పైమాటే ఖర్చవుతాయి. చదును రోడ్డు మీద ముందువాడి వెనకాల నక్కి, గాలి తగలకుండా పోవచ్చు. ఘాట్‌లో ఆ పప్పులుడకవు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డు నామమాత్రం. ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి.

అందుకే కొండ దారికి సైకిలు కొనేటప్పుడు చూడాల్సింది గేర్లు. బ్రాండు తర్వాత. మన పాత నల్ల సైకిలుకి పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. సుమారు ఐదు మీటర్లు ముందుకు పోతుంది. ఆరు శాతం వాలు మీద ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోవాలంటే నిమిషానికి పాతిక చుట్లే, అదీ సీటు మీంచి లేచి నిలబడి ఒక్కో తొక్కు తొక్కాలి. ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉన్న సైకిలు మీద అదే వేగానికి నిమిషానికి అరవై పైచిలుకు చుట్లు తిరుగుతాయి. చేసే పని అంతే, మోకాళ్ళ మీద పడే భారం మాత్రం సగం కన్నా తక్కువ. చిన్న గేరు వాడటం చేతకానితనమనే మాట ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది. ఆ మాటకు వయసు చాలానే ఉంది. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ కూడా గేర్లు 45 ఏళ్ళు దాటినవాళ్ళకే అని తేల్చేశాడు. 1910లో ఆయన పోటీదారుల్ని పిరనీస్ పర్వతాల మీదికి తోలినప్పుడు వాళ్ళ సైకిళ్ళకు గేర్లు మార్చే డిరైలర్ లేదు. ఆ పోటీలో దాన్ని అనుమతించింది 1937లో. అభిమానం కోసం మోకాళ్ళు పోగొట్టుకోవాలనుకునేవాళ్ళకి అనంతగిరి ఘాట్ అడ్డు చెప్పదు.

ఇదే కొండను రైలు కూడా ఎక్కుతుంది. 1960లలో బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. రైలు చక్రానికి వాలు పడదు గనక ఇంజనీర్లు కొండనే తొలిచేశారు. యాభైకి పైగా సొరంగాలు, లోయల మీద వంతెనలు. ఆ లైను మీద 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషను. రోడ్డుకి సొరంగాల భాగ్యం లేదు కాబట్టి మెలికలు తిరుగుతుంది. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలున్నాయి. వాలు మామూలుగా ఐదారు శాతం దాటకూడదు. హెయిర్‌పిన్ మలుపులో అయితే రెండున్నర శాతానికి మించకూడదు. పాత ఘాట్లు ఈ నియమాన్ని ప్రతిచోటా పాటించవు గానీ, సైకిలిస్టుకి అందులో ఒక కిటుకు దొరుకుతుంది. మలుపు లోపలి అంచు నిటారుగా, బయటి అంచు కాస్త చదునుగా ఉంటుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కన పోతాం కాబట్టి కుడికి తిరిగే మలుపులో ఎక్కేవాడు బయటి అంచున ఉంటాడు. అక్కడ పది తొక్కుల పాటు ఊపిరి తీసుకోవచ్చు. ఎడమకు తిరిగే మలుపు లోపలి అంచున ఉంచి గుంజుతుంది. దానికి ముందే గేరు దించుకోవాలి. మలుపు మధ్యలో బరువు మీదున్న చైనును మార్చబోతే కరకరమని జారి, కాలు నేల మీద ఆనుతుంది. ఆరు శాతం వాలు మీద ఆగిన సైకిలు మళ్ళీ ఎక్కి కదలడం ఒక విద్య. కొంతమంది నాలుగడుగులు వెనక్కి నడిపించుకొచ్చి, రోడ్డుకి అడ్డంగా తిప్పి ఎక్కుతారు. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ అదే సరైన పద్ధతి.

టైడా, డముకు దాటేసరికి రోడ్డుకి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మార్చి, ఏప్రిల్ జల్లులు పడ్డాక ఆ తోటలు తెల్లగా పూస్తాయి. మల్లెల్ని తలపించే వాసన మలుపు మలుపుకీ మొహాన కొడుతుంది. కారు అద్దాలు బిగించుకుని పోయేవాళ్ళకి ఇది దక్కదు.

చాలామంది అరకులో వెదురుబొంగు చికెన్ తిని, పొద్దున్నే అదే దారిన దిగిపోతారు. తొక్కేవాడికి అది నష్టపు బేరం. కొండ ఎక్కడానికి పడ్డ కష్టమంతా పైనున్న పీఠభూమిని చూడటానికి కట్టిన టికెట్టు. అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేటల మీదుగా పాడేరు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రోడ్డు లేస్తూ పడుతూ పోతుంది. చిన్న వాలు దిగిన ఊపు తర్వాతి ఎక్కుడులో సగం దాకా మోస్తుంది. నవంబరులో వలిసె పూలు విచ్చుకుంటే కొండవాళ్ళ చేలు పసుప్పచ్చగా మారిపోతాయి. సంత రోజున కావిళ్ళు భుజానేసుకుని వచ్చే మనుషుల్ని దాటేటప్పుడు బెల్లు మోగించుకుంటూ దూసుకుపోవడం మర్యాద కాదు. ఆ రోడ్డు వాళ్ళది. సైకిలు తొక్కేవాడు సరదాకొచ్చిన చుట్టం.

చలికాలమే మంచిదంటారు. నిజమే, కానీ ఒక చిక్కుంది. పాడేరు దగ్గరి వంజంగి మేఘాలను చూడ్డానికి వారాంతాల్లో జనం తెల్లవారకముందే కార్లు వేసుకుని ఎగబడతారు. నిద్రమత్తులో డ్రైవరు, పది గజాల్లో ఏమీ కనబడని మంచు, వెనక లైటు లేని సైకిలు, ఈ మూడూ ఒకచోట కలవకూడదు. మామూలు రోజుల్లో, ఎండ తేలాక బయల్దేరితే చాలు. రోడ్డు విస్తరణ పనులు సాగేచోట కంకర, దుమ్ము ఉంటాయి కాబట్టి టైరు కాస్త వెడల్పుగా ఉండాలి.

పాడేరు నుంచి కిందికి రెండు దారులు. వడ్డాది వైపు దిగే ఘాట్ దగ్గరిది. మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవర్లు ఆగి దండం పెట్టుకుని మరీ పోతారు. ఆ మలుపులు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఎక్కేటప్పుడు కూడగట్టిన ఏడు లక్షల జౌళ్ళు దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి కదా. గాలి తీసుకున్నది పోగా మిగిలిందంతా బ్రేకుల మీదే పడుతుంది. రిమ్ము బ్రేకును పట్టుకునే ఉంటే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, వదిలెయ్యాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే పట్టు బాగా దొరుకుతుంది. ఎదురుగా ఎక్కి వచ్చే బస్సుకి దారివ్వడం దిగేవాడి పని, చట్టం కూడా అదే చెబుతుంది.

రెండోది దూరం, కానీ దాన్నే ఎంచుకోవాలి. జి.మాడుగుల మీదుగా లంబసింగి చేరి, అక్కణ్ణుంచి డౌనూరు మీదుగా నర్సీపట్నానికి దిగే దారి అది. ఈ ఘాట్‌కి ఒక చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతుల్లో ఉండేది. గిరిజనుల చేత వెట్టి చేయించాడు, కూలి సరిగా ఇవ్వలేదు. ఆ కడుపుమంట మీదే అల్లూరి సీతారామరాజు పోరాటం రగిలింది. బాస్టియన్‌తో పడని గంటందొర, మల్లుదొర సోదరులు రాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. సర్కారు రోడ్డు వేసుకుంటూ ఉంటే, వాళ్ళు కాలిబాటల మీద మూడు రోజుల్లో మూడు ఊళ్ళు చుట్టారు. ఆ మూడు ఊళ్ళ పటాన్ని ముందు పెట్టుకుని నేటి ఘాట్ రోడ్డు చూస్తే, సైకిలు మీద పోతూ ‘కష్టపడ్డాం’ అనడానికి కాస్త మొహమాటంగానే ఉంటుంది. ఓపిక మిగిలినవాళ్ళు కృష్ణదేవిపేట దాకా పోయి రాజు సమాధి చూసి రావచ్చు.

మిగతావాళ్ళు నర్సీపట్నంలో టిఫిను చేసి ఇంటి దారి చూసుకోవాలి. ఇక్కడో హెచ్చరిక. పటంలో నర్సీపట్నం రోడ్ అనే రైల్వే స్టేషను కనబడుతుంది, ఊళ్ళోనే ఉందనుకుని ధీమాగా ఉండొద్దు. అది ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే. కాకపోతే దారంతా చదును.