సింహం కడుపులో 220 గ్రెయిన్లు

హెమింగ్వే రాసిన 'ద షార్ట్ హ్యాపీ లైఫ్ ఆఫ్ ఫ్రాన్సిస్ మకోంబర్' గురించి చర్చ మొదలైతే చాలు, మాట రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. మకోంబర్ పిరికివాడా? మార్గట్ మొగుణ్ణి కావాలనే కాల్చిందా? ఈ కథ 1936 సెప్టెంబరులో కాస్మొపాలిటన్ పత్రికలో వచ్చింది. ఎడ్మండ్ విల్సన్ లాంటి పెద్ద విమర్శకుడు అది హత్యే అన్నట్టు చదివాడు. 1955లో వారెన్ బెక్ ఆమె పక్షాన ఒక వ్యాసమే రాశాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు, తెగాల్సిన అవసరమూ లేదు.

నా ప్రశ్న వేరే. సింహాన్ని కాల్చిన ఆ పొద్దున మకోంబర్ రైఫిల్లో ఉన్న బుల్లెట్ ఏ రకం?

ఇది తుపాకుల పిచ్చి ఉన్నవాళ్ళ ప్రశ్నలా వినిపిస్తుందని తెలుసు. నేను రైఫిల్ పట్టినవాణ్ణి కాను, పట్టాలన్న కోరికా లేదు. కానీ ఈ ప్రశ్నకి జవాబు కథలోనే ఉంది, అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. కారు దిగకముందు మకోంబర్ రైఫిల్ తెరిచి, లోపల ఉన్నవి లోహపు తొడుగు బుల్లెట్లేనని చూసుకుని, మళ్ళీ మూసి సేఫ్టీ వేస్తాడు. అప్పుడే తన చెయ్యి వణుకుతోందని గమనిస్తాడు. కాసేపటికి కథకుడు ఉన్నట్టుండి సింహం లోపలికి వెళ్ళిపోతాడు. ఆ వాక్యంలో సింహానికి తగిలింది ఉత్త 'తూటా' కాదు. అది .30-06 రైఫిల్ నుంచి వచ్చిన 220 గ్రెయిన్ల సాలిడ్ బుల్లెట్. పక్కలో దిగి, కడుపులోంచి కాలుస్తూ పోతుంది.

సింహానికి గ్రెయిన్లు తెలియవు కదా! అంత బాధ మధ్యలో ఆ అంకె ఎవరి కోసం?

గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు. 220 గ్రెయిన్లంటే 14 గ్రాముల పైచిలుకు. ఆ రైఫిల్‌కి అది బరువైన బుల్లెట్టే. అసలు కీలకం 'సాలిడ్' అన్న మాటలో ఉంది. సాలిడ్‌కి కొన దాకా గట్టి లోహపు తొడుగు ఉంటుంది. లోపలికి వెళ్ళాక కూడా ఆకారం మారకుండా, సన్నటి దారి చేసుకుంటూ లోతుగా పోతుంది. మందమైన చర్మం, పెద్ద ఎముకలు ఉన్న ఏనుగుకీ ఖడ్గమృగానికీ అడవిదున్నకీ దాన్ని వాడేవారు. సాఫ్ట్ పాయింట్ బుల్లెట్‌కి కొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. అది తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని, పెద్ద గాయం చేసి, జంతువుని త్వరగా పడగొడుతుంది. సింహం ఒళ్ళు మెత్తనిది కాబట్టి దానికి సాఫ్ట్ పాయింటే సరైనదన్నది ఆఫ్రికా వేటగాళ్ళలో బాగా నలిగిన సలహా.

కథ చదివేవాడికి ఇదంతా ఎందుకు? మకోంబర్ ఆ క్షణంలో రెండు పనులు చేశాడు కాబట్టి. బుల్లెట్ చూసుకున్నాడు, సేఫ్టీ వేశాడు. తర్వాత సేఫ్టీ తియ్యడం మర్చిపోయి వేలు విరిగిపోయేంతగా ట్రిగ్గర్ లాగుతాడు. అది భయం వల్ల జరిగిన పొరపాటని అందరం గుర్తిస్తాం. కానీ బుల్లెట్ విషయంలో మర్చిపోయిందేమీ లేదు. చూసి మరీ సరే అనుకున్నాడు. ఆ రోజు అతను చేసిన తప్పులన్నీ భయం ఖాతాలో పడవన్నమాట.

భయం రాకముందే, చల్లగా కూర్చుని ఆలోచించగలిగిన సమయంలోనే తెమలాల్సిన విషయం ఇది. వేటగాళ్ళలో తూటాలు సొంతంగా తయారుచేసుకునేవాళ్ళ లోకం మొత్తం ఆ సమయంలోనే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఈ అలవాటు బాగా పెరిగింది. పేలిన ఇత్తడి కేసుని మళ్ళీ కొలతకి నొక్కుతారు. పాత ప్రైమర్ తీసేసి కొత్తది పెడతారు. మందుని గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూచి పోస్తారు. చివరికి బుల్లెట్‌ని లెక్క ప్రకారం ఇంత లోతని కూర్చోబెడతారు. గరిష్ఠ మోతాదుతో ఎవరూ మొదలుపెట్టరు. తక్కువతో మొదలుపెట్టి, ప్రైమర్ చదునైపోతోందా, బోల్ట్ ఎత్తడం బిగుతుగా ఉందా అని చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుతారు. ప్రతిదీ పుస్తకంలో రాసిపెట్టుకుంటారు. ఈ పద్ధతి ఏ ప్రోగ్రామర్‌కైనా బాగానే అర్థమవుతుంది.

ఆ లోకానికి ఒక మూలకథ కూడా ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ని కాల్చాడు. ఒంటి నిండా బురద పట్టిన పెద్ద జంతువు. అతని బుల్లెట్లు లోతుగా దిగకుండా పైపైనే చితికిపోయాయి. మకోంబర్ కష్టానికి ఇది సరిగ్గా తలకిందులు. ఇక్కడ బుల్లెట్ మరీ మెత్తన, అక్కడ మరీ గట్టి. నోస్లర్ ఇంటికెళ్ళి బుల్లెట్ మధ్యలో అడ్డంగా ఒక లోహపు గోడ పెట్టాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, గోడ వెనక భాగం చెక్కుచెదరకుండా లోతుకి వెళుతుంది. పార్టిషన్ అన్న పేరుతో 1948లో అమ్మకానికి వచ్చిన ఆ బుల్లెట్ ఇప్పటికీ దొరుకుతుంది.

నోస్లర్‌ని మహాత్ముణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. చంపడం చంపడమే. కానీ ఒక జంతువు సరిగ్గా చావకపోతే అతను తన గుండెధైర్యం గురించి కాకుండా బుల్లెట్ గురించి ఆలోచించాడు. మకోంబర్ కథ మొదలయ్యేది దీనికి పూర్తిగా ఎదురు దిక్కున. మధ్యాహ్నం భోజనం దగ్గర అందరూ ఏమీ జరగనట్టు నటిస్తూ కూర్చుంటారు. తర్వాత ఎంత మాట్లాడినా అది పరుగెత్తడం గురించి, పరువు గురించి, పెళ్ళాం చూపు గురించి. సింహానికి ఏమైందన్నది ఎవరి నోటా సరిగ్గా రాదు.

ఒక్క విల్సన్ మాత్రం, గాయపడ్డ సింహం పొడుగు గడ్డిలోకి దూరినప్పుడు, దాన్ని వదిలేసి పోదామన్న మకోంబర్‌ని నిర్ఘాంతపోయి చూస్తాడు. అది బాధపడుతుంటుందనీ, ఎవరైనా దానికి ఎదురుపడొచ్చనీ చెబుతాడు. గాయం చేసినవాడే పని ముగించాలన్నది అతని నీతి. నా దృష్టిలో కథకి గుండెకాయ ఇదే. ధైర్యం కథగా పేరుపడ్డ ఇది నిజానికి బాకీ కథ. తూటాలు తూచుకునేవాడు చేసేదల్లా ఆ బాకీని ఒక అడుగు వెనక్కి జరపడమే. ట్రిగ్గర్ నొక్కాక మొదలయ్యేది కాదది, బల్ల దగ్గరే మొదలవుతుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. మొదటి దెబ్బ కడుపులో తగిలింది. అక్కడ తగిలితే ఏ బుల్లెట్ అయినా నరకమే. నిజం. గురి తప్పితే సాఫ్ట్ పాయింట్ ఏమీ పుణ్యం కట్టుకోదు. కానీ రెండో దెబ్బ కింది పక్కటెముకల్లోంచి పోయి, సింహం నోట్లో నురగతో నెత్తురు తెప్పిస్తుంది. ఇలాంటి చోటే విచ్చుకునే బుల్లెట్‌కీ విచ్చుకోనిదానికీ తేడా తెలుస్తుంది. సింహం గడ్డిలోకి పరుగెత్తి వెళ్ళి కాచుకుని పడుకోగలిగింది. ఆ గడ్డిలోంచి అది దూకినప్పుడే కదా మకోంబర్ పారిపోయింది! సాలిడ్ అన్న ఒక్క మాట తీసేస్తే కథలో ఆ మధ్యాహ్నం ఇంత సాఫీగా నిలబడదు.

ఆయుధాల విషయంలో హెమింగ్వే తప్పులు చెయ్యడని కాదు. విల్సన్ దగ్గరున్న .505 గిబ్స్ గురించి చెబుతూ దాని మజిల్ వెలాసిటీ రెండు టన్నులని రాశాడు. వేగాన్ని టన్నుల్లో కొలవరు. అతను చెప్పదలుచుకున్నది శక్తి. 525 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకి దాదాపు 2300 అడుగుల వేగం అని లెక్కేస్తే 6000 ఫుట్-పౌండ్లు దాటుతుంది. అంటే శక్తి అనుకున్నా రెండు టన్నులు తక్కువే. యూనిట్లు తప్పిన ఆ వాక్యం మోతగా ఉంటుంది, నొప్పి తెలియదు. 220 గ్రెయిన్ల వాక్యంలో యూనిట్లు సరిగ్గా ఉన్నాయి, నొప్పీ ఉంది.

ఈ లెక్కన చదివితే పేరులో ఉన్న 'హ్యాపీ' మీద నాకు అనుమానం. రెండో రోజు కారులో దున్నల్ని తరుముతారు. అది చట్టవిరుద్ధమని విల్సనే ఒప్పుకుంటాడు. మళ్ళీ ఒక గాయపడ్డ దున్న పొదల్లోకి వెళుతుంది. మకోంబర్‌కి భయం పోయింది, సంతోషంగా ఉన్నాడు. కానీ గాయం గురించి అతనికి కొత్తగా తెలిసిందేమిటి? ఏమీ లేదు. ఇక్కడే హెమింగ్వేతో నాకు పేచీ. సింహం లోపలికి వెళ్ళిన కథకుడు దున్న లోపలికి ఒక్క వాక్యం సేపైనా వెళ్ళడు. మకోంబర్ ఉత్సాహం అతనికీ అంటుకుంది. సింహం దగ్గర తెరిచిన ఖాతా దున్న దగ్గర మూసేశాడు.

ఆ ఖాతా చివరి పేజీలో మళ్ళీ తెరుచుకుంటుంది, కాకపోతే మనిషి పేరు మీద. మార్గట్ చేతిలో 6.5 మాన్‌లిషర్. మూడు తుపాకుల్లో సన్ననిది. అయినా ఆటబొమ్మ కాదు. ఆ రైఫిల్ పొడవాటి బుల్లెట్లు లోతుగా దిగుతాయని పేరు. ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ కూడా కొన్నాళ్ళు 6.5 వాడాడు. ఆమె దున్న వైపే కాల్చిందంటాడు కథకుడు. బుల్లెట్ మకోంబర్ పుర్రె అడుగున ఎక్కడ తగిలిందో అంగుళాల్లో చెబుతాడు. సింహానికి గ్రెయిన్లలో, మనిషికి అంగుళాల్లో. ఆమె మనసులో ఏముందో అరవై ఏళ్ళకి పైగా తవ్వుతున్నాం. బుల్లెట్ ఎక్కడ దిగిందో మాత్రం హెమింగ్వే అనుమానానికి తావివ్వకుండా రాసిపెట్టాడు. ఈసారి కథ చదివేటప్పుడు ఆ అంకెల్ని దాటెయ్యకండి. ఆ పొద్దున సింహం తరఫున ఎవరైనా మాట్లాడారంటే, ఆ అంకెలే.