గొలుసు మీరు తెండి

మా కొల్లేటి పక్క ఊళ్లలో నాటకం వేసేవాళ్లకు ఒక లెక్క ఉండేది. కృష్ణుడి వేషానికి మనిషి దొరకడం కష్టం కాదు, కిరీటం పెట్టేసరికి సగం కృష్ణుడు అయిపోతాడు. చెరలో ఉన్నవాడి వేషం కట్టేవాణ్ణి వెతకాలంటేనే చుక్కలు కనబడేవి. కిరీటం లేదు, గద లేదు, నాలుగడుగులు వేసే వీలూ లేదు. ఉన్నవల్లా గొంతు, రెండు కళ్లు, కాలికో గొలుసు. వాటితోనే తెల్లవారుజామున జనాన్ని చాపల మీంచి లేవకుండా కూర్చోబెట్టాలి.

ధర్మవరం గోపాలాచార్యులు ‘రామదాసు’లో చెరసాల సీను అలాంటిది. కథ అందరికీ తెలిసిందే. కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడు, గోల్కొండ కోటలో పన్నెండేళ్లు మగ్గాడు, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు కట్టి విడిపించారంటారు. లెక్కలు చరిత్రకారులు చూసుకుంటారు. మనకు కావలసింది సీను.

మంచి రామదాసు తెర లేవగానే పద్యం ఎత్తుకోడు. ముందు గొలుసు ఒక్కసారి కదులుతుంది, ఆగుతుంది. అనుభవమున్న హార్మోనిస్టు ఆ ఖాళీలో మెట్టు మీద వేలు పెట్టడు. ఆ తర్వాత సన్నగా ముఖారి మొదలవుతుంది. అప్పటికే ముందు వరసలో ముసలమ్మల కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి. అసలు పరీక్ష ఆ తర్వాత. రామదాసు రాముణ్ణి నిలదీస్తాడు, చేయించిన నగలు ఒక్కొక్కటీ లెక్కచెప్పి తిడతాడు. తిట్టు నోట్లో ఉండగానే నాలుక కరుచుకుని ఏడవాలి. కోపం సిగ్గుగా మారే ఆ రెప్పపాటు పట్టుకున్నవాడే నటుడు. మిగిలినవాళ్లు పాటగాళ్లు.

ఎదుటివాడూ గట్టివాడై ఉండాలి. గోపన్నను బంధించిన తానీషానే 1687లో ఔరంగజేబు పట్టుకుని దౌలతాబాదు కోటలో పెట్టాడు, ఆయన అక్కడే పోయాడు. ఈ సంగతి ఎరిగిన తానీషా పాత్రధారి మీసం మెలేసి గర్జించడు, మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లదనానికే సీను బరువెక్కుతుంది.

చెర కథల్లో రెండో దారి వేదం వెంకటరాయశాస్త్రిది. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో ఢిల్లీ చెరలో ఉన్న రాజు కంటే బయట పిచ్చివాడిలా తిరిగే మంత్రి యుగంధరుడే మనల్ని కట్టిపడేస్తాడు. 1323లో ఓరుగల్లు పడ్డాక ఆ రాజు ఢిల్లీ చేరకుండానే పోయాడని చరిత్ర. శాస్త్రిగారు నాటకంలో ఆయన్ని ఇంటికి తెచ్చారు. చాకలి పేరిగాడి మాట చాకలి మాటలాగే ఉంచిన ధైర్యమూ ఆయనదే. యుగంధరుడి పిచ్చి జనానికి నవ్వు తెప్పించాలి, లోపలి లెక్క మాత్రం కళ్లలో తెలియాలి. ఎంత కష్టమో వేసినవాణ్ణి అడగండి!

మా ఏలూరు సంగతి వేరే చెప్పాలి. వకీలు బందా కనకలింగేశ్వరరావుగారు 1938లో ఇక్కడ ప్రభాత్ థియేటర్ పెట్టారు. బాహుకుడైనా బిల్హణుడైనా ఆయన పద్యం చదివితే అర్థం ముందు వచ్చేదట, రాగం దాని వెనక నడిచేదట. మేం ఆ బడి వాళ్లం. కాకినాడ వాళ్లు తమ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు గురించి చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. అక్కడ వేషాలు కట్టిన రేలంగి చివరికి మా తాడేపల్లిగూడెంలోనే సినిమా హాలు కట్టాడు. నాటకాన్ని సినిమా ఎలా మింగిందో చెప్పడానికి వేరే సాక్ష్యం ఎందుకు?

సినిమా మింగిందానికంటే మనం చంపుకున్నదే ఎక్కువ. ఇప్పుడు జాతర కమిటీలు ‘బిట్టు’ చాలంటున్నాయి. ఇరవై నిమిషాల్లో రామదాసు జైల్లోకి వెళ్లాలి, పాడాలి, బయటికొచ్చేయాలి. వెనకాల రికార్డింగ్ డాన్స్ వాళ్లు సిద్ధంగా ఉంటారు మరి! గొలుసు థర్మాకోల్‌ది, చప్పుడు సెల్‌ఫోన్లోంచి. మొన్న ఒక ఊళ్లో సంకెళ్లు వేసుకున్న రామదాసు చేత్తో మైకు పట్టుకుని, ‘వన్స్ మోర్’ అనమని జనానికి సైగ చేశాడు. చేతులు కట్టేసినవాడికి మైకెలా అందిందయ్యా? రాగం సాగదీసి ఈలలు వేయించుకోవడమే విద్య అనుకుంటే, పన్నెండేళ్ల చెర పన్నెండు నిమిషాల కచేరీ అయిపోతుంది. ఇది నాటకం కాదు, నాటకానికి పెట్టిన తద్దినం.

వెనకటికి నాటకానికి గొలుసు కావాలంటే పశువుల పాకకు వెళ్లేవాళ్లం. అసలైన ఇనుము, నాలుగైదు కిలోల బరువు, పేడ వాసన. కాలికి తగిలించుకుంటే నడక దానంతటదే మారిపోయేది, నటించక్కర్లేదు. సీనయ్యాక కడిగి మళ్లీ పాకలో కట్టేవాళ్లం. తెల్లారేసరికి దాన్ని గేదె మెళ్లో చూసి పిల్లలు “రామదాసు గొలుసు” అని వేలెత్తి చూపేవాళ్లు.

జాతర కమిటీ పెద్దలకు ఒక్కటే మనవి. ఏడాదికి ఒక్క రాత్రి, ఒకే నాటకం, మొదటి పద్యం నుంచి మంగళం దాకా వేయించండి. ట్రాక్టర్లు వచ్చి పాకలు తగ్గాయి గానీ, వెతికితే ఏదో ఇంటి అటక మీద ఆ గొలుసు దొరక్కపోదు. వేషగాళ్లను మేం తెస్తాం. గొలుసు మీరు తెండి.