ఆధారం చూపాలి

గోవాలోని బిచోలిమ్ ప్రాంతంలో 1640–41లో పోర్చుగీసువాళ్లకూ మరాఠా సామ్రాజ్యానికీ యుద్ధం జరిగిందని ఇంగ్లీషు వికీపీడియాలో ఐదేళ్లకు పైగా ఒక వ్యాసం ఉండేది. 2007 జూలైలో ఎవరో రాశారు. నాలుగున్నర వేల మాటల దాకా ఉండేది. కింద పుస్తకాల పేర్లు, పేజీ నంబర్లు బారులు తీరి ఉండేవి. రెండు నెలలకే దానికి ‘మంచి వ్యాసం’ హోదా కూడా వచ్చింది. 2012 చివర్లో ఒక వాడుకరి ఓపిగ్గా ఆ పుస్తకాలను వెతకబోతే అలాంటివి ఎక్కడా లేవు. యుద్ధమూ జరగలేదు.

1640 నాటికి శివాజీ పదేళ్ల పిల్లవాడు. పట్టాభిషేకం 1674లో. ఇంకా పుట్టని సామ్రాజ్యం యుద్ధం ఎలా చేసింది? హైస్కూల్లో సోషల్ పాఠం శ్రద్ధగా విన్న పిల్లలకు రావాల్సిన అనుమానం ఇది. హోదా ఇచ్చినవాళ్లకు రాలేదు. వాళ్లు భాష చూసి ఉంటారు, పొందిక చూసి ఉంటారు, ఫుట్‌నోట్లు ఉన్నాయా లేవా అని చూసి ఉంటారు. ఒక్క ఫుట్‌నోటును పట్టుకుని పుస్తకం దాకా నడిచినవాళ్లు మాత్రం ఆ ఐదేళ్లలో లేకపోయారు.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. 2022 సెప్టెంబరు 4న ఆసియా కప్పులో పాకిస్తాన్‌తో ఆడుతూ అర్ష్‌దీప్ సింగ్ క్యాచ్ వదిలేశాడు. కాసేపటికే అతని వికీపీడియా పేజీలో ‘భారత్’ ఉన్నచోట ఎవరో ‘ఖలిస్తాన్’ అని పెట్టారు. పావుగంట గడిచేలోపే తోటి వాడుకరులు దాన్ని చెరిపి పాత రూపానికి తెచ్చారు. కేంద్ర ఐటీ శాఖ సంజాయిషీ అడిగే వేళకు పేజీ సవ్యంగానే ఉంది.

సైటు అదే, నియమాలూ అవే. ఒక తప్పు పావుగంటలో పోయింది, ఇంకొకటి ఐదేళ్లు గౌరవంగా బతికింది. అందుకే వికీపీడియాను నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే, ఏ పేజీ అని నేను తిరిగి అడుగుతాను. 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలను బ్రిటానికాతో పోల్చి నిపుణుల చేత దిద్దించినప్పుడు సగటున వ్యాసానికి వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు తేలాయి. బ్రిటానికా వాళ్లు ఆ పద్ధతినే తప్పుపట్టారు. ఆ సగటును ఇప్పటికీ చాలామంది ఉదహరిస్తారు గానీ, నాకు దానివల్ల పెద్దగా ఉపయోగం కనిపించదు. మనం చదివేది ఎప్పుడూ ఒక పేజీనే. ఆ పేజీ మీద ఎందరి కన్ను ఉందన్నదే లెక్క.

ఇక మన సంగతి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మూడు సంపుటాలు తెచ్చి, ఇంకా ‘అ’కారంలో ఉండగానే 1923లో కన్నుమూశారు. ఆయన తలకెత్తుకున్న బరువును ఈనాడు ఊరూ పేరూ చెప్పుకోని మనుషులు మోస్తున్నారు. నాకు వాళ్లంటే భక్తి. అయితే లక్ష పేజీలకు రోజూ కాపలా కాసేది కొద్దిమందే. క్రికెటర్ పేజీకి ఉన్న కాపలా ఒక చిన్న పల్లె పేజీకి ఎక్కడిది?

తెలుగు వికీపీడియాలో ‘ఇటీవలి మార్పులు’ పేజీ తెరుచుకుని రాత్రిపూట కాసేపు కూర్చోవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఎక్కువగా పల్లెటూళ్ల పేజీలే చూస్తాను. ఒకసారి నెల్లూరు జిల్లాలోని ఒక ఊరి పేజీలో, ఆ ఊరి గుడిని శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడని ఒక వాక్యం కనిపించింది. మూలం లేదు. మన పల్లెల్లో పాతగుడి అనేసరికి కోస్తాలో, సీమలో రాయలు, తెలంగాణలో కాకతీయులు వచ్చేస్తారు. ‘చరితం’ నొక్కి చూస్తే చాలా ఏళ్ల కిందట ఖాతా లేని ఒక అజ్ఞాత వ్యక్తి చేర్చిన వాక్యమని తేలింది. దిద్దుబాటు సారాంశం ఖాళీ. గూగుల్లో వెతికితే అదే వాక్యం పదిచోట్ల ఉంది. ‘శ్రీకృష్ణదేవరాయులు’ అన్న అక్షరదోషంతో సహా ఉంది. ఒక పత్రిక జిల్లా పేజీలోనూ ఉంది. తారీఖులు చూస్తే అన్నీ ఆ దిద్దుబాటు తర్వాతివే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఆ పత్రిక కథనాన్ని మూలంగా పెట్టేస్తే వాక్యానికి ఫుట్‌నోటు వస్తుంది, చూడటానికి నిండుగా ఉంటుంది. వికీ నుంచి పేపరుకు, పేపరు నుంచి మళ్లీ వికీకి తిరిగొచ్చిన మాటకు సాక్షి ఎవరూ లేరని పైకి తెలియదు. వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న మూస పెట్టాను. నాలుగు రోజులకు చర్చ పేజీలో ఆ ఊరాయన రాశారు: “మా ఊరి గుడి సంగతి మాకంటే మీకెక్కువ తెలుసా అండీ? మా తాతగారు చెప్పగా విన్నాం.”

ఆయన కోపంలో న్యాయం ఉంది. మన ఊళ్ల చరిత్రలో ఎక్కువ భాగం అచ్చులోకి రాలేదు. అచ్చయింది మాత్రమే ఆధారమంటే తాతల నోట ఉన్నదంతా లెక్కలోంచి పోతుంది. కానీ తాతగారి మాటను నేను కడపలో కూర్చుని ఎలా సరిచూడను? రేపు ఇంకో తాతగారి మనవడు వచ్చి, కాదు, చోళులు కట్టించారంటే ఎవరి వాక్యం ఉంచాలి? ఆయనతో ‘అండీ’ అంటూనే, గుళ్లో శాసనం ఏమైనా ఉందా, దేవస్థానం వాళ్లు స్థలపురాణం ఏదైనా అచ్చు వేయించారా అని అడిగాను. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ఆ ఊరి పేరు వెతికాను. కరణాలు చెప్పగా కావలి సోదరుల వంటివాళ్లు ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ కోసం సేకరించిన కైఫియత్తులూ (ఊళ్ల చరిత్రల రాతలు) చూడమని ఆయనకు చెప్పాను. శాసనాల్లో సాధారణంగా దానాలు దొరుకుతాయి: దేవుడి దీపానికి గొర్రెలు, నైవేద్యానికి మాన్యం. దాన్నిబట్టి అప్పటికే గుడి ఉందని చెప్పొచ్చు గానీ కట్టించినవారెవరో చెప్పలేం.

చివరికి ఆయన ఆలయ కమిటీ వేసిన చిన్న పుస్తకం ఫొటో తీసి పెట్టారు. దాంతో వాక్యం ఇలా మారింది: గుడిని శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడని ఆలయ స్థలపురాణం చెబుతోంది. పక్కన పుస్తకం పేరు, వేసిన సంవత్సరం, పేజీ. తాతగారి మాట నిలిచింది, అది ఎవరి మాటో కూడా చదివేవారికి తెలిసింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇలాంటి మార్పు.

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కస్టమ్స్ కేసులో, అందరూ కలిసి రాసే ఇలాంటి వేదికలను ఆధారంగా వాడేటప్పుడు జాగ్రత్త అవసరమని కోర్టులను హెచ్చరించింది. సబబైన మాటే. వికీపీడియా కూడా తనను తాను మూలంగా ఒప్పుకోదు. నేను చదువరులను కోరేది కూడా అంతే. పేజీ చదివాక కింద మూలాలదాకా వెళ్లండి, పైన ‘చరితం’, ‘చర్చ’ నొక్కండి. ఇప్పుడు ఫోన్లో అడగ్గానే జవాబు చెప్పే యంత్రాలు ఈ పేజీలను చదువుకునే తయారయ్యాయి. అవి పేజీలోని వాక్యాన్ని చెబుతాయి గానీ, దాని పక్కన ‘ఆధారం చూపాలి’ అని ఉన్న సంగతి చెబుతాయన్న భరోసా నాకు లేదు.

మూలం సరిగ్గా ఉన్నా తీరని చిక్కు ఇంకొకటుంది. మన వేలాది పల్లెల పేజీలు 2011 జనగణన లెక్కలతో నిండాయి. ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ప్రాథమిక పాఠశాల ఉంది, చెరువు నీరే ఆధారం. ఆ రోజుకు అవి నిజం. ఇప్పుడు ఆ బడి పక్క ఊరి బడిలో కలిసిపోయి ఉండొచ్చు. పేజీలో మాత్రం ‘ఉంది’ అనే ఉంటుంది, ప్రభుత్వ మూలంతో సహా. 2016 అక్టోబరులో తెలంగాణలో, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఊరూరి పేజీలో జిల్లా పేరు మార్చడానికి ఆ కొద్దిమంది పడ్డ శ్రమ నేను చూశాను.

తర్వాతి జనగణన 2027 మార్చి 1 నాటి స్థితిని లెక్క కట్టబోతోంది. ఆ అంకెలు వచ్చాక వాటిని పేజీల్లో ఎక్కించే పని బాట్లు చేయగలవు. బడి నడుస్తోందా, బస్సు వస్తోందా, చెరువు ఎండిందా అన్నవి మాత్రం ఆ ఊరివాళ్లే చెప్పాలి. రిటైరైన మాస్టార్లు, సెలవులకు ఇంటికొచ్చే డిగ్రీ పిల్లలు, డల్లాస్‌లో ఉండి నెలకోసారి తమ ఊరి పేజీ తెరిచి చూసుకునేవాళ్లు ఒక్కొక్కరు ఒక్క ఊరిని ‘వీక్షణ జాబితా’లో పెట్టుకోండి. ఆధారంగా పాత పేపరు కటింగు పంపేటప్పుడు పత్రిక పేరు, తేదీ, ఎడిషను రాయడం మరిచిపోకండి. అవి లేక పక్కన పెట్టాల్సి వచ్చిన కటింగులు చాలా ఉన్నాయి.