బొంగు కాలే దాకా కూర్చోండి

రోహిణి కార్తె దగ్గర పడేసరికి మా విజయనగరం, శ్రీకాకుళం జనానికి అరకు గుర్తొస్తుంది. మా వైపు ఎండ కన్నా ఉక్కపోత పెద్ద బాధ. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, రాత్రయినా ఒళ్ళు చల్లబడదు. తరవాణి తాగినా, తాటి ముంజెలు తిన్నా ఉపశమనం కాసేపే. బడులకు సెలవులివ్వగానే శృంగవరపుకోట వైపు బళ్ళు కదులుతాయి. బొడ్డవర దాటి ఘాట్ రోడ్డు ఎక్కి, అనంతగిరి చేరేసరికి కిటికీలోంచి వచ్చే గాలే వేరు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఒక మాట ముందే చెప్పాలి. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టి మే నెలలో కూడా అక్కడ స్వెట్టరు కావాలి. అరకులో మే మధ్యాహ్నం ఎండ ఎండే. పొద్దు వాలాక, తెల్లవారుజామున మాత్రం కొండ తన చల్లదనం చూపిస్తుంది. కొన్ని సాయంత్రాలు ఉరుములతో వాన కూడా పడుతుంది. ఆ వాన వెలిశాక గాలికొండ మలుపు దగ్గర నిలబడితే ఇంటికి తిరిగి రావాలనిపించదు. అందుకే పొద్దున వెళ్ళి సాయంత్రం దిగిపోయే ప్రయాణం నాకు నచ్చదు. వీలుంటే ఒక రాత్రి ఉండండి. మధ్యాహ్నాన్ని బొర్రా గుహలకు వదిలేయండి. బయట ఎంత ఎండ కాసినా ఆ సున్నపురాతి గుహల్లో చల్లగానే ఉంటుంది. అక్కడి గోస్తనీ నదే కిందికి దిగి మా విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది, విశాఖపట్నానికి తాగునీరవుతుంది. కొండ మీద మనం పారేసే సీసా ఎటు కొట్టుకొస్తుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

కారు తప్పనిసరి కాకపోతే శృంగవరపుకోటలో కిరండూల్ రైలు ఎక్కండి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి, ఆ దేశం సాయంతోనే 1960లలో వేసిన దారి అది. ఖనిజం కోసం తొలిచిన సొరంగాలు ఇప్పుడు మన పిల్లల కేరింతలతో మోగుతున్నాయి. దారిలో శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. 2017 నుంచి విశాఖ, అరకుల మధ్య అద్దాల పెట్టె కూడా నడుస్తోంది. నేను మాత్రం మామూలు పెట్టె తలుపు దగ్గర గాలికే ఓటేస్తాను.

ఇక తిండి సంగతి. ఘాట్ రోడ్డు పక్కన, సుంకరిమెట్ట దాటాక, అరకు ఊళ్ళో, ఎక్కడ చూసినా బొంగు చికెన్ పొగ కనిపిస్తుంది. వెదురు బొంగులో మాంసం పెట్టి కాల్చే ఆదివాసీల వంట ఇది. కొండకు కట్టెలకు వెళ్ళినా, వేటకు వెళ్ళినా గిన్నె మోసుకుపోనక్కర్లేకుండా పుట్టిన పద్ధతి. నూనె వెయ్యరు. నీళ్ళు పొయ్యరు. పచ్చి వెదురులో ఉన్న తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది.

అరకు దగ్గర ఒక పాక ముందు కూర్చుని ఒకావిడ ఈ పని చెయ్యడం మొదటి నుంచి చివరి దాకా చూశాను. ముందు వెదురు చూసుకుంది. మరీ లేతదైతే మంటకు పగిలిపోతుంది, ఎండిపోయినదైతే మాంసం ఉడికేలోపే కాలిపోతుంది. అరచేతిలో ఇమిడే లావున్న పచ్చి బొంగును, ఒక వైపు కణుపు మూసి ఉండేలా కోసింది. లోపల నీళ్ళు పోసి ఆడించి పారబోసింది. ఎముకతో కొట్టిన చిన్న ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త నిమ్మరసం పట్టించి బొంగులోకి దించింది. నిండా కూరలేదు, పైన జానెడు ఖాళీ వదిలింది. అడ్డాకులు నలిపి ఉండ చేసి మూతికి బిరడాలా కొట్టింది. తర్వాత నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ కూర్చుంది.

అసలు పనితనం ఆ తిప్పడంలోనే ఉంది. ఒకే వైపు వదిలేస్తే అటు మాడి ఇటు పచ్చిగా ఉండిపోతుంది. ఆకుపచ్చ బొంగు మొదట పసుపు రంగుకు తిరిగింది, తర్వాత గోధుమ రంగుకు, ఆపైన నల్లబడింది. ఆకు బిరడా అంచున నురగ బుసబుసమంది. "ఇంకెంతసేపమ్మా?" అని అడిగాను. "అయిపోతాది బాబూ, నురగ తగ్గనీ," అంది. ఆవిడ చేతికి గడియారం లేదు. నురగ ఆగి, పచ్చి వెదురు వాసన పోయి, మాంసం వాసన రావాలి. బ్రాయిలర్ కోడికైతే ముప్పావు గంట లోపే అవుతుంది. నాటుకోడికి ఇంకా ఓపిక పట్టాలి. బొంగును వంచి అడ్డాకు మీద కొడితే ముక్కలన్నీ తమ సారంలోనే తడిసి బయటికి జారాయి. ఆ సారంలో వెదురు తీపి ఉంటుంది. పట్నంలో ఎంత పేరున్న హోటలుకు వెళ్ళినా ఆ తీపి నాకు దొరకలేదు.

ఈ వంటకు ఇప్పుడు ముప్పు వచ్చిపడింది. వేసవి రద్దీలో కారు దిగినవాళ్ళు పది నిమిషాల్లో పెట్టమంటున్నారు. ఆ తొందరకు తగ్గట్టు కొన్నిచోట్ల కూరను ముందే గిన్నెలో నూనె వేసి వండి, బొంగులో నింపి, పైపైన కాల్చి ఇస్తున్నారు. బొంగు అడుగున నూనె తేలితే అది గిన్నె కూరే. అమ్మేవాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. సీజను నాలుగు రోజులు, కడుపు ఏడాదంతా. వాళ్ళ చేత ఆ పని చేయిస్తున్నది మన తొందర. పైగా ఒక బొంగు ఒక్కసారికే పనికొస్తుంది, తిన్నాక బూడిదే. దాన్ని కొండ నుంచి కోసి మోసుకొచ్చిన మనిషి శ్రమ కూడా ఆ ధరలో ఉంది. అక్కడ బేరమాడడం తప్పు.

వేచి ఉండే ఆ కాసేపూ ఊరికే పోదు. పక్క పాకలో కాఫీ చెప్పండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియాల తీగల కింద ఆదివాసీ రైతులు పెంచిన కాఫీ అది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ళ ముందే అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. వేసవి తొలి జల్లులు పడ్డాక వెళ్తే కాఫీ పూలు కూడా కనిపిస్తాయి. కొమ్మ పొడవునా తెల్లగా విరగబూస్తాయి, మల్లెల వాసన వేస్తాయి. కాస్త అటూ ఇటూ నడిస్తే పనస చెట్లు, పొదలుగా అడ్డతీగలు, సంతకు గంపలతో దిగే ఆడవాళ్ళు. ఇవన్నీ చూడడానికి టిక్కెట్టు లేదు.

శ్రీకాకుళం వైపు వాళ్ళకు అరకు దూరమనిపిస్తే సీతంపేట కొండలున్నాయి. ఎత్తు తక్కువ, చల్లదనమూ తక్కువే. కానీ ఆడలి దగ్గర కొండ అంచు, మెట్టుగూడ జలపాతం ఒక పూటకు చాలు.

ఈ వేసవిలో కొండ ఎక్కేవాళ్ళకు నా మనవి. భోజనం వేళకు గంట ముందే పాక దగ్గరికి వెళ్ళండి. మీ కళ్ళ ముందే పచ్చి బొంగులో ముక్కలు నింపించుకోండి, కాలే దాకా కూర్చోండి. ప్లాస్టిక్ ప్లేటు ఇస్తే వద్దని అడ్డాకు అడగండి. అడిగిన డబ్బు ఇవ్వండి. తెచ్చుకున్న సీసాలు, సంచులు మళ్ళీ మీ బండిలోనే కిందికి తెచ్చేయండి.