చుక్కను తాకని గీత

'15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క.' ముగ్గుల పుస్తకం తిరగేసిన ఏ ఇల్లాలికైనా ఇది పూర్తి వాక్యం. నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టాలి. పైకీ కిందికీ వరుసకు ఒకటి చొప్పున తగ్గిస్తూ, ఒక వరుస చుక్కల సందుల్లో తర్వాతి వరుస చుక్కలు పెడుతూ, 8కి వచ్చి ఆగాలి. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. అదంతా ఆరు ముక్కల్లో చెప్పేశారు! సందు చుక్కకు బదులు 'ఎదురు చుక్క', అంటే చుక్కకు సూటిగా చుక్క, అంటే చాలు, వాకిట్లో బొమ్మ స్వరూపమే మారిపోతుంది. ఇంత పొదుపైన సంకేత భాషను కల్పించిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

చిత్తూరు వైపు నీవా అని పిలిచే ఏరు తిరువలం చేరేసరికి పొన్నై అవుతుంది. ముగ్గు పేరూ అంతే. తెలుగింట్లో మెలికల ముగ్గు, పక్కింటి అరవవాళ్ళకు చిక్కు కోలం. ధనుర్మాసంలో కళ్ళాపి చల్లిన వాకిట్లో మా అత్త నాకు నేర్పిన మొదటి సూత్రం ఒక్కటే: "చుక్కను ముట్టొద్దు పాపా, చుట్టుకోని పో." గీత చుక్కను తాకదు. ఏ చుక్కనూ వదలదు. బయలుదేరిన చోటికే వచ్చి మూసుకుంటుంది. ఇక మిగిలిన వ్యాకరణమంతా పక్కపక్క చుక్కల నడుమ ఉండే ఆ చిన్న ఖాళీలోనే ఉంది. అక్కడ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటవచ్చు, లేదా దాటకుండా వంపు తిరిగి వెనక్కి మళ్ళవచ్చు.

ముందు అన్నిచోట్లా దాటించి చూడండి. మూడు చుక్కలు నాలుగు వరుసల ఎదురు చుక్క ముగ్గు చెయ్యెత్తకుండా ఒకే గీతలో పూర్తవుతుంది. నాలుగు చుక్కలు నాలుగు వరుసలైతే నాలుగు విడి గీతలు తప్పవు. నాలుగు, ఆరు అయితే రెండు. చుక్కల సంఖ్యకూ వరుసల సంఖ్యకూ బడిలో నేర్చిన గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఎంతో గీతలు అన్ని! అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో వేలితో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటితో పాటు తమిళనాడు ముగ్గులనూ పరిశీలించాడు.

అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. రెండు వేర్వేరు గీతలు దాటుకునే చోట ఆ దాటును విప్పితే రెండూ కలిసి ఒకటవుతాయి. అలా సరైన మూడు చోట్ల విప్పితే నాలుగు గీతల ముగ్గు ఒకే గీత అవుతుంది. కానీ మూడు చోట్లే విప్పితే నాలుగు వైపులా ఒకేలా ఉండాలన్న పొందిక చెడుతుంది. గీత ఒక్కటి కావాలా, పొందిక కావాలా? చేయి తిరిగిన మనిషి ఆ తెల్లవారుజాము చలిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారుతుండగానే ఇది తేల్చుకుంటుంది. చెరపడానికి వీల్లేని రాత అది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తీరలేదు.

ఈ భాషను భాషగానే గౌరవించిన పండితులు తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ దంపతులు. కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో వారు ముగ్గులకు వ్యాకరణం రాశారు. భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ వ్యాకరణాల్లో అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి. వీరు వాటిని అడ్డంగానూ నిలువుగానూ పెరిగే బొమ్మలకు విస్తరించారు. కొత్తగా చేర్చే వరుస పొడవు అప్పటికున్న బొమ్మ వెడల్పుతో సరిపోవాలనేది అందులో నియమం. అత్త చుక్కలు లెక్కపెట్టుకునేదీ అందుకే. ముగ్గును సులువు చేసి చూపకుండా, దాని పట్టింపులన్నీ ఉంచుతూనే సూత్రం కట్టారు. వారి పనిలో నాకు నచ్చిన గుణం అదే.

'కృష్ణుని అందెలు' అనే ముగ్గు సూత్రం చూస్తే ముచ్చటేస్తుంది. 1968లో జీవశాస్త్రవేత్త లిండెన్‌మేయర్ మొక్కల ఎదుగుదలను వర్ణించడానికి కల్పించిన పద్ధతిలో అది ఒక్క వాక్యం. 'అ' ఉన్నచోటల్లా దాన్ని తీసేసి ఇలా రాయాలి: అ, ముందుకో గీత, అ, ఒకే వైపు రెండు వంపులు, మళ్ళీ అ, ముందుకో గీత, అ. వంపు ఒక్కొక్కటి 45 డిగ్రీలు. మొదట రెండు 'అ'లు ఉంటే ఆపై ఎనిమిది, 32, 128. అందె పక్కన అందె అల్లుకుంటూ పోతుంది. కంప్యూటర్ తెరమీద ఆ బొమ్మ విచ్చుకోవడం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది యంత్రం కాదు, అత్త మణికట్టు.

పుస్తకాల్లో మనకు దొరికేది పూర్తయిన ముగ్గు. చెయ్యి ఎక్కడ మొదలైంది, ఏ సందులో ఎటు తిరిగింది, ఏ దాటు చివరికి మిగిలింది అన్నది అచ్చులో ఉండదు. వ్యాకరణం ఉన్నది ఆ నడకలోనే. వచ్చే ధనుర్మాసంలో మీ ఇంటి పెద్దావిడ మెలికల ముగ్గు వేసేటప్పుడు పక్కన కూర్చుని, ఆ నడక ఒక్కసారి కాగితం మీద రాసిపెట్టండి.